విరిగిన రెక్కలకి మార్కులెవరు వేస్తారు?

మొన్నీమధ్య ఒక ఆదివారం పొద్దున్నే మా పిన్ని కొడుకు ఫోన్ చేసాడు. వాడు ఈసీఈ ఫైనలియర్. "అన్నయ్యా, మేజర్ ప్రాజెక్టు టైటిల్ ఇచ్చేసాం, ఒక్కసారి అబ్‌స్ట్రాక్ట్ చూసి పెట్టవా" అన్నాడు. వాట్సాప్‌లో పంపాడు. టైటిల్ చదవడానికే ఊపిరి సరిపోలేదు. పంట తెగుళ్ళు కనిపెట్టే, కృత్రిమ మేధతో నడిచే, తనంతట తాను ఎగిరే డ్రోన్ల గుంపు.. అదీ సారాంశం. గుంపు అన్నావు కదా, ఎన్ని డ్రోన్లురా అనడిగా.

"ఒకటే అన్నయ్యా. మిగతావి ఫ్యూచర్ స్కోప్‌లో పెట్టాం."

నవ్వొచ్చింది. కానీ రెండో పేజీలో వాళ్ళ ప్లాన్ చూసాక నవ్వు ఆగిపోయింది. జులైలో లిటరేచర్ సర్వే. ఆగస్టులో సామాన్లు కొనడం. సెప్టెంబర్, అక్టోబర్ బిగించడం. నవంబర్, డిసెంబర్ ప్రోగ్రాం రాయడం. జనవరి టెస్టింగ్. ఫిబ్రవరి డాక్యుమెంటేషన్. మార్చిలో వైవా. నలుగురు కుర్రాళ్ళు, ఏడెనిమిది నెలలు, నలభై వేల రూపాయలు. మొదటిసారి గాల్లోకి లేచేది జనవరిలో. అంటే మొదటిసారి కింద పడేది కూడా జనవరిలోనే. పడ్డాక ఏం చేస్తారన్నదానికి ఆ చార్టులో ఒక్క గడి కూడా లేదు.

"పడితే ఏం చేస్తార్రా?"

"పడకుండా చూసుకుంటాం అన్నయ్యా."

"చూసుకున్నా పడితే?"

కాసేపు ఆగి, నెమ్మదిగా చెప్పాడు. "అమీర్‌పేటలో ఒకాయన ఉన్నాడు. నలభై వేలకి ఎగిరేదే ఇస్తాడంట. డాక్యుమెంటేషన్ ఫ్రీ."

అదన్నమాట సంగతి. ప్లాన్ బీ కాదది, అసలు ప్లాన్ అదే. మిగతాదంతా రివ్యూల్లో హెచ్ఓడీకి చూపించడానికి.

వాణ్ణి తిడదామనుకున్నా. నోరు రాలేదు. ఎందుకంటే నా ప్రాజెక్టు కూడా కొన్నదే.

2018-19లో నాది ఫైనలియర్. మా బ్యాచ్ నలుగురం తలా మూడు వేలు వేసుకుని మైత్రీవనం వెనక సందులో ఒక ప్రాజెక్టు తెచ్చుకున్నాం. ఫోన్‌తో ఇంట్లో లైట్లు, ఫ్యాన్లు వేసి ఆర్పే బోర్డు. అమ్మినాయన రెండు గంటల క్లాసు కూడా ఇచ్చాడు, ఎక్స్‌టర్నల్ ఏ ప్రశ్నలు అడుగుతాడో, ఏం చెప్పాలో. అచ్చం ఆయన చెప్పినట్టే అడిగారు. మేమూ ఆయన చెప్పినట్టే చెప్పాం. బల్బు వెలిగింది. తొంభైల్లో మార్కులొచ్చాయి.

మా క్లాసులోనే ఇంకో బ్యాచ్ ఉండేది. వాళ్ళు నిజంగా క్వాడ్‌కాప్టర్ చేద్దామని కూచున్నారు. హాస్టల్ గదిలో టంకం పొగ, మంచం కింద విరిగిన ప్రొపెల్లర్లు, ఒకడి వేలికి నాలుగు కుట్లు. నాలుగు నెలలు చూసాం ఆ గోల. వైవా రోజు అది నేల మీద నించి జానెడు లేచి, పక్కకి ఒరిగి, గోడకి కొట్టుకుంది. ఎందుకు ఒరిగిందో వాళ్ళకి తెలుసు. దిక్సూచి సెన్సార్‌ని బ్యాటరీ వైర్ల పక్కన బిగించారు. ఆ వైర్లలో పారే కరెంటుకి దాని లెక్క తప్పుతోంది. ముందురోజు రాత్రే కనిపెట్టారు, మార్చడానికి టైం లేదు. ఆ విషయం చెప్పబోతే ఎక్స్‌టర్నల్ గారు చెయ్యెత్తి ఆపేసి, "అవుట్‌పుట్ రాలేదు కదమ్మా" అన్నారు. మాకంటే పాతిక మార్కులు తక్కువ.

ఆరోజు మేం పార్టీ చేసుకున్నాం. ఇప్పుడు తల్చుకుంటే నాకు సిగ్గేసేది మేం కొన్నందుకు కాదు. ఆ క్లాసులో ఇంజినీరింగ్ చేసింది వాళ్ళొక్కళ్ళే అయితే, ఆ సంగతి మా అందరికీ తెలిసి కూడా ఎవ్వరం నోరెత్తలేదు.

నేను చెప్పదల్చుకున్నది ఒక్కటే. తనంతట తాను ఎగిరే రోబో లాంటి ప్రాజెక్టుకి మార్కులు చివరి రోజు ఎగిరిందా లేదా అన్నదానికి వెయ్యకూడదు. ఏడు నెలల్లో ఏమేం విరిగాయి, ఎందుకు విరిగాయి, తర్వాత ఏం మార్చారు అన్నదానికి వెయ్యాలి. ప్లాన్ కూడా అలాగే వేసుకోవాలి. పడడానికి చోటు లేని ప్లాన్ వేసామంటే కొనుక్కోవడానికి ముహూర్తం పెట్టినట్టే.

"అన్నీ కుంటిసాకులు, చేతకానోడికి మార్కులెందుకు" అంటారా? సరే, చేతనైనవాళ్ళ సంగతే చూద్దాం.

అమెరికాలో 1991లో విద్యార్థుల కోసం ఎగిరే రోబోల పోటీ ఒకటి మొదలైంది. పేరు ఇంటర్నేషనల్ ఏరియల్ రోబోటిక్స్ కాంపిటీషన్. మొదలుపెట్టింది జార్జియా టెక్‌కి చెందిన రాబర్ట్ మైకెల్సన్. మొదటి పని వింటే ఇంతేనా అనిపిస్తుంది. మైదానంలో ఒక పక్కనున్న ఇనుప బిళ్ళని తీసుకుని రెండో పక్కకి చేర్చాలి, మనిషి చెయ్యి పడకూడదు. అంతే. తనంతట తాను లేచి, ఎగిరి, దిగడానికే రెండేళ్ళు పట్టింది. అది చేసింది జార్జియా టెక్ జట్టు. ఒక్క బిళ్ళ అటు నించి ఇటు చేరడానికి 1995 దాకా ఆగాల్సొచ్చింది. అది స్టాన్‌ఫర్డ్ జట్టు. అయిదేళ్ళు! ఆ మధ్య సంవత్సరాల్లో ఓడినవాళ్ళకి "అవుట్‌పుట్ రాలేదు కదమ్మా" అని చెప్పి పంపించేసుంటే 1995 వచ్చేదే కాదు.

రెండోది ఇంకా దగ్గర ఉదాహరణ. మా వాడి కొనాల్సిన సామాన్ల లిస్టులో మొదటి పేరు పిక్స్‌హాక్. డ్రోన్ల మీద కొంచెం ఆసక్తున్నవాళ్ళందరికీ తెలుసు, డ్రోన్ మెదడు లాంటి బోర్డది. అది ఎక్కడ పుట్టిందో తెలుసా అని మావాణ్ణి అడిగితే "చైనా" అన్నాడు :) స్విట్జర్లాండులో, ఈటీహెచ్ జ్యూరిక్‌లో, 2008లో, ఒక విద్యార్థి ప్రాజెక్టుగా పుట్టింది. లోరెంజ్ మైయర్ అనే మాస్టర్స్ కుర్రాడు కెమెరా చూపుతో గదిలో ఎగిరే యంత్రం చేద్దామనుకున్నాడు. ఒక్కడి వల్ల కాదని పద్నాలుగు మందిని పోగేసాడు. దాదాపు తొమ్మిది నెలల పని. 2009లో యూరప్‌లో జరిగే చిన్న డ్రోన్ల పోటీలో గది లోపల స్వయంగా ఎగిరే విభాగంలో మొదటి బహుమతి కొట్టారు. ఆ ప్రాజెక్టు పేరే పిక్స్‌హాక్.

ఇక్కడ మనం చూడాల్సింది బహుమతి కాదు. పోటీ అయిపోయాక వాళ్ళేం చేసారు? బైండింగ్ చేయించి లైబ్రరీ బీరువాలో పెట్టలేదు. డ్రోన్‌తో నేల మీద కంప్యూటర్ మాట్లాడే భాషని మావ్‌లింక్ అన్న పేరుతో 2009లోనే అందరికీ వదిలేసారు. తర్వాత పీఎక్స్4 సాఫ్ట్‌వేర్, దానికి తగ్గ బోర్డు, అన్నీ బయటపెట్టారు. ప్రపంచమంతా వాడుకుంది. ఒక కాలేజీ ప్రాజెక్టు మిగిల్చింది అది. మన ప్రాజెక్టులు మిగిల్చేది బంగారు రంగు అక్షరాల నల్ల అట్ట పుస్తకం. మరుసటేడు జూనియర్లు అదే పుస్తకంలో పేర్లు మార్చి మళ్ళీ బైండింగ్ చేయిస్తారు. అంటే మన దగ్గర పరంపర లేకపోలేదు.. కాకపోతే అట్టకి మాత్రమే ఉంది.

ఆ ఆదివారం మావాడు, నేను సాయంత్రం దాకా ఫోన్‌లోనే కూచుని పాత ప్లాన్ చింపి కొత్తది రాసాం. అది ఇక్కడ పెడుతున్నా. నాకు డ్రోన్ల మీద పాండిత్యం ఏమీ లేదు, నేను చేసేది బ్యాంకింగ్ సాఫ్ట్‌వేర్. ఈ లెక్కలకి పాండిత్యం అక్కర్లేదు కూడా, ఇంటర్ ఫిజిక్స్ చాలు.

మొట్టమొదట, ఏం చేస్తామని మాటివ్వాలి? తెగుళ్ళు కొట్టేసాం. గుంపు కొట్టేసాం. మిగిలింది ఒకే వాక్యం: "నేల మీద అతికించిన ఒక గుర్తు పైన తనంతట తాను లేచి, రెండు మీటర్ల ఎత్తులో ముప్ఫై సెకన్లు నిలబడి, ఆ గుర్తు మీదే దిగాలి." వినగానే మావాడు నీరుగారిపోయాడు. "ఇంత చిన్నదా? నవ్వుతారు అన్నయ్యా." నవ్వనీ అన్నా.

రెండోది బరువు, కరెంటు. వాళ్ళ ప్లాన్‌లో "ఫ్లైట్ టైం 20 నిమిషాలు" అని ఉంది. ఎక్కణ్ణించి వచ్చిందిరా అంటే, ఏదో వీడియోలో చూసారట. కూచుని లెక్కేసాం. ఫ్రేము, మోటార్లు, చిన్న కంప్యూటర్, కెమెరా, బ్యాటరీ అన్నీ కలిపి కిలోన్నర. గాల్లో కదలకుండా నిలబడాలంటే ఆ కిలోన్నరని మోయాలి. ఎటైనా వంగి సర్దుకోవాలంటే ఇంకా మిగులు ఉండాలి, అందుకే బరువుకి రెండింతలు మోసే మోటార్లు తీసుకోమంటారు. అంటే ఒక్కో మోటారు 750 గ్రాములు ఎత్తాలి. ఇలాంటిది నిలబడ్డానికే సుమారు 200 వాట్లు తింటుంది. 11.1 వోల్టుల బ్యాటరీ అంటే దగ్గరదగ్గర 18 ఆంపియర్లు. వీళ్ళ లిస్టులో ఉన్నది 2200 మిల్లీ ఆంపియర్ అవర్ బ్యాటరీ. లైపో బ్యాటరీని పూర్తిగా పిండితే పాడైపోతుంది కాబట్టి ఎనభై శాతమే వాడాలి. భాగిస్తే వచ్చేది ఆరు నిమిషాలు! సరే 5000ది కొందామన్నాడు. దాని బరువూ కలుస్తుంది, కరెంటు ఇరవైకి చేరుతుంది, పన్నెండు నిమిషాలు వస్తుంది. పది నిమిషాల లెక్క. ఇది ఆగస్టులో కాయితం మీద తేలాలా, జనవరిలో గాల్లో తేలాలా?

మూడోది, తనెక్కడుందో దానికెలా తెలుస్తుంది? అసలు కష్టమంతా ఇక్కడే. "యాక్సిలరోమీటర్ ఉంది కదా, దాన్ని రెండుసార్లు ఇంటిగ్రేట్ చేస్తే దూరం వస్తుంది" అన్నాడు మావాడు. పుస్తకం ప్రకారం రైటే. సెన్సార్‌లో గురుత్వాకర్షణలో నూరో వంతు తప్పుందనుకోండి. పది సెకన్లు అయ్యేసరికి ఆ చిన్న తప్పే దాదాపు అయిదు మీటర్ల తప్పవుతుంది. గదిలో అయితే గోడ అవతలుంటుంది మన రోబో. జీపీఎస్ పెడదామంటే ఆరుబయటే రెండు మూడు మీటర్లు అటూ ఇటూ, గదిలో అసలే రాదు. బారోమీటర్ ఎత్తు చెప్తుంది గానీ ఫ్యాన్ గాలికి కూడా తడబడుతుంది. అందుకే ఇవన్నీ కలిపి, దేన్ని ఎప్పుడు ఎంత నమ్మాలో లెక్కేసే ఫిల్టర్ ఉంటుంది ఆ బోర్డు లోపల. ఒకటి అబద్ధం చెప్తే మిగతావి పట్టుకోవాలి. మా క్లాస్‌మేట్ల దిక్సూచి గోడకి కొట్టించింది ఇందుకే. దారి తప్పకుండా ఉండాలంటే కింద నేల మీద గుర్తు పెట్టి, కెమెరాతో దాన్ని చూస్తూ సర్దుకోవడం ఒక పద్ధతి. ఏప్రిల్‌ట్యాగ్ లాంటి నలుపు తెలుపు గళ్ళ గుర్తులు ఇందుకే ఉన్నాయి. ఆ సర్దుకునే ప్రోగ్రామే వీళ్ళు సొంతంగా రాయాల్సింది.

నాలుగోది, ఏది సొంతం, ఏది కాదు? ఇక్కడ రెండు రకాల మేష్టార్లు ఉంటారు. ఒకాయన బోర్డు కొంటే అది కాపీ, అంతా మొదట్నించీ మీరే రాయండి అంటాడు. సెకనుకి 400 సార్లు తిరిగే కంట్రోల్ లూప్‌ని నలుగురు కుర్రాళ్ళు క్లాసులు, ప్లేస్‌మెంట్ పరీక్షల మధ్య మొదట్నించీ రాసి ఎగరేస్తారా? ఇంకో ఆయన ఆర్డుపైలట్ ఎక్కించి, మ్యాపు మీద నాలుగు చుక్కలు పెట్టి, ఆ చుక్కల మీద తిరిగితే "అటానమస్" అని సంతకం పెట్టేస్తాడు. అది మీ ప్రాజెక్టు కాదు స్వామీ, ఎవరో ఏళ్ళ తరబడి రాసి ఊరికే ఇచ్చింది. మనం ఆఫీసులో ఆపరేటింగ్ సిస్టమ్ రాసుకోం, డేటాబేస్ రాసుకోం. అలాగని లినక్స్ నేనే రాసానని రెజ్యూమేలో పెట్టుకోం కూడా. పుస్తకం మొదటి పేజీలోనే రాయండి: ఇది ఫలానా వాళ్ళది, దీనిపైన మేం చేసింది ఇదీ అని. అలా రాయడం నామోషీ అనుకునే చోట కొనుక్కొచ్చిన దానికే మర్యాద దక్కుతుంది.

అయిదోది, వరస. టెస్టింగ్‌కి జనవరి అని విడిగా ఉండకూడదు. ప్రతి వారం టెస్టింగే. మేం రాసుకున్నది ఇదీ:

1. మొదటి నెలంతా ఒక్క రూపాయి ఖర్చు పెట్టకూడదు. కంప్యూటర్లోనే, సిమ్యులేటర్లో ఎగరెయ్యాలి. ఆర్డుపైలట్‌కి, పీఎక్స్4కి రెండిటికీ ఆ సదుపాయం ఉచితంగా ఉంది. అక్కడ వంద సార్లు పడితే విరిగేది ఏమీ లేదు.

2. తర్వాత ప్రొపెల్లర్లు తీసేసి, ఖాళీ మోటార్లతో. ఏ మోటారు ఎటు తిరుగుతోంది, మీట నొక్కితే ఆగుతోందా లేదా.

3. తర్వాత బల్లకి తాడుతో కట్టి. ఇక్కడే మొదటి రెక్కలు విరుగుతాయి. ఆ బడ్జెట్ ముందే పక్కన పెట్టాలి. నలభై వేలల్లో పది వేలు కేవలం విరగడానికి.

4. తర్వాత చేత్తో, రిమోట్‌తో. నలుగురిలో ఒక్కడైనా చేత్తో బాగా ఎగరెయ్యడం నేర్చుకోకపోతే ముందుకి పోకూడదు. ప్రోగ్రాం తికమక పడ్డప్పుడు లాక్కోవాల్సింది వాడే.

5. ఆ తర్వాతే సొంత ప్రోగ్రాం. అది కూడా ముందు నేల మీద, డ్రోన్‌ని చేత్తో పట్టుకుని నడుస్తూ, గుర్తు ఎక్కడుందో సరిగ్గా చెప్తోందా అని.

6. ప్రతి పడిపోవడానికీ ఒక పేజీ. తారీఖు, లాగ్ ఫైల్, ఏం జరిగిందనుకున్నాం, నిజంగా ఏం జరిగింది, ఏం మార్చాం.

ఆరోదే ప్రాజెక్టు. మిగతా అయిదూ దానికోసం.

జాగ్రత్తల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మా వాడి ప్లాన్‌లో ఆ మాటే లేదు. ఎగరేసే ప్రతిసారీ ఒకడి పని ఒక్కటే ఉండాలి, ఆపే మీట మీద వేలు పెట్టుకుని నిలబడ్డం. వీడియో తియ్యడం వాడి పని కాదు. లైపో బ్యాటరీ హాస్టల్ గదిలో చార్జింగ్ పెట్టి టిఫిన్‌కి పోకూడదు, అంటుకుంటే నీళ్ళు పోసి ఆర్పేంత తేలిక కాదు. ఇక చట్టం. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ రూల్స్ ప్రకారం 250 గ్రాముల దాకా నానో, అది దాటి 2 కిలోల దాకా మైక్రో. మనది మైక్రో. గుర్తింపున్న విద్యాసంస్థలు పరిశోధన కోసం తమ ఆవరణలోనే, అదీ గ్రీన్ జోన్‌లో ఎగరేసుకుంటే లైసెన్సు, రిజిస్ట్రేషన్ లాంటివాటి నుంచి ఆ రూల్స్‌లో మినహాయింపు ఇచ్చారు. కానీ మన హైదరాబాద్ చుట్టుపక్కల కాలేజీలు కొన్ని ఎక్కడున్నాయి? దుండిగల్, హకీంపేట వైమానిక దళం వాళ్ళ రన్‌వేలకి కూతవేటు దూరంలో. డిజిటల్ స్కై మ్యాపు తెరిచి తమ కాలేజీ ఏ రంగులో ఉందో చూసుకోకుండా టైటిల్‌కి సంతకం పెట్టే గైడ్‌ని ఏమనాలి? రంగు ఎరుపైతే అక్కడితో ఆగి, ఆరుబయట ఆలోచన మానుకుని ఆడిటోరియం తాళం అడగాలి. గదిలో అంటే జీపీఎస్ ఉండదు, సెన్సార్లు మారతాయి, ఖర్చు మారుతుంది. అంటే కొనకముందే తెలియాల్సిన విషయం.

ఇదంతా చదివి "ఇన్ని చెప్పావు, అమీర్‌పేట వాళ్ళని ఒక్క మాట అనలేదేం" అనొచ్చు. అనను. వాళ్ళు అంగడి పెట్టుకున్నారు, అడిగినవాడికి అమ్ముతున్నారు. నాకు అమ్మినాయన నిజానికి మా గైడ్ కంటే ఎక్కువ నేర్పాడు. అడిగేవాణ్ణి తయారుచేసింది ఎవరన్నదే ప్రశ్న.

కాలేజీ ఒకటి. ఏడాది పనిని ఒక్క పూటలో, బ్యాచ్‌కి పది నిమిషాల చొప్పున చూసి మార్కులేస్తే, ఆ పది నిమిషాల్లో పనిచేసేదాన్నే తెస్తారు పిల్లలు. ఎగిరే రోబో లాంటిది మొదటి బ్యాచ్‌కే పూర్తవ్వాలన్న రూలేంటి? ఈ ఏడు బల్లకి కట్టినది స్థిరంగా నిలబడితే చాలు. వచ్చే ఏడు ఆ ఫ్రేము, ఆ లాగ్‌లు, ఆ విరిగిన పేజీలు జూనియర్లకి అప్పజెప్పాలి, వాళ్ళు అక్కణ్ణించి మొదలెట్టాలి. మూడో ఏటికి నిజంగానే పొలం మీద ఎగురుతుందేమో. సామాను కాలేజీది, పేర్లు పిల్లలవి. దీనికి డబ్బు కూడా అక్కర్లేదు, బీరువాకి తాళం, ఒక రిజిస్టరు చాలు. "ప్రతి బ్యాచ్‌కీ కొత్త టైటిల్ ఉండాలి" అనే నియమమొకటి పెట్టుకుని ప్రతి ఏడూ సున్నా నించి మొదలెట్టిస్తున్నారు. సున్నా నించి ఏడు నెలల్లో పొలం దాకా పొమ్మంటే మధ్యలో అమీర్‌పేటలో దిగక ఏం చేస్తారు?

రెండోది మనం. అవును, ఇది చదువుతున్న మీరు, రాస్తున్న నేను.

రెండేళ్ళ క్రితం మా కంపెనీ తరఫున ఒక కాలేజీకి క్యాంపస్ ఇంటర్వ్యూలకి వెళ్ళాను. చేతిలో ఒక షీటు ఇచ్చారు. అందులో ఒక గడి, "ప్రాజెక్టు: పనిచేసిందా?" అవును, కాదు. అంతే. ఒక కుర్రాడొచ్చాడు. వాళ్ళ రోబో చివరిదాకా సరిగ్గా నడవలేదని నిజాయితీగా చెప్పాడు. నేను "కాదు" అని టిక్కు పెట్టి తర్వాతి ప్రశ్నకి పోయాను. మధ్యాహ్నం భోజనాల దగ్గర గానీ తట్టలేదు, ఆ ఎక్స్‌టర్నల్ గారి చెయ్యి ఇప్పుడు నాదే అని. అప్పటికే ఆ కుర్రాడు వెళ్ళిపోయాడు. ఎందుకు నడవలేదో నేను అడగనే లేదు.

మన ఉద్యోగం ఏంటండీ అసలు? పొద్దున్నించి రాత్రిదాకా ఏదో ఒకటి పగలడం, ఎందుకు పగిలిందో లాగ్‌లు తవ్వడం, మళ్ళీ పగలకుండా కట్టడం. ప్రొడక్షన్‌లో ఏదైనా పడిపోతే మర్నాడు కూచుని కారణాలు రాసుకుంటాం, ఎవర్నీ నిందించొద్దు అని గొప్పగా చెప్పుకుంటాం కూడా. అదే పని హాస్టల్ గదిలో చేసినవాణ్ణి పక్కనబెట్టి, డబ్బిచ్చి బల్బు వెలిగించిన నాలాంటివాడికి ఆఫర్ లెటర్ ఇస్తాం. ఆ తర్వాత "ఫ్రెషర్లకి డీబగ్గింగ్ రాదండీ" అని టీ తాగుతూ బాధపడతాం.

"ఫెయిలయిన ప్రాజెక్టులన్నిటికీ మార్కులేస్తే బద్ధకస్తులు కూడా మాది ఫెయిలయిందనే చెప్తారు" అని నాతో పనిచేసే ఒకాయన వాదించాడు. సబబైన అనుమానమే. కానీ ఒక్కసారి ఆలోచించండి. ఎగిరేదాన్ని కొనుక్కోవచ్చు. ఏడు నెలల్లో ఇరవై సార్లు పడినదాని లాగ్‌లు, ప్రతిదానికీ కారణం, మార్చిన లైను.. అది కొనడం కష్టం. కొన్నా, రెండు ప్రశ్నలు అడిగితే దొరికిపోతారు. "మూడోసారి ఎందుకు పడింది? నాలుగోసారి ఏం మార్చారు?" చేసినవాడి మొహం వెలిగిపోతుంది, ఆపమన్నా ఆపడు. కొన్నవాడు ఫ్యూచర్ స్కోప్ గురించి మొదలెడతాడు. నాకు తెలుసు కదా :)

కాబట్టి మీలో ఇంటర్వ్యూలు చేసేవాళ్ళకి నా మనవి ఒకటే. ఫ్రెషర్‌ని "మీ ప్రాజెక్టు గురించి చెప్పండి" అనకండి. దానికి జవాబు అమీర్‌పేటలో దొరుకుతుంది. "మీ ప్రాజెక్టులో ఏం పగిలింది?" అనండి. మీ పాత కాలేజీ వాళ్ళు అలుమ్నై మీట్‌కి పిలిస్తే మోటివేషన్ స్పీచ్ మానేసి, ఒక బ్యాచ్ ప్లాన్ తీసుకుని ఒక పూట కూచోండి. బరువెంత, కరెంటెంత, పడితే ఏంటి అని మూడు ప్రశ్నలు అడిగి రండి.

మావాడి సంగతి చెప్పి ముగిస్తా. కొత్త ప్లాన్ తీసుకుని హెచ్ఓడీ దగ్గరికి వెళ్తే, "ఏఐ ఏదీ ఇందులో? ముప్ఫై సెకన్లు నిలబడ్డమేంటి, ఇది మినీ ప్రాజెక్టు కూడా కాదు" అన్నారట. మావాడు జేబులోంచి యాక్సిలరోమీటర్ లెక్క తీసి చూపించాడట. ఆయన రెండుసార్లు చూసి, "టైటిల్ మాత్రం పాతదే ఉంచండి, లోపల మీ ఇష్టం" అన్నారట. అది గెలుపో ఓటమో నాకిప్పటికీ అర్థం కాలేదు.

నిన్న రాత్రి ఫోన్ చేసాడు. సిమ్యులేటర్ అయిపోయింది, బల్లకి కట్టే దశలో ఉన్నారు. "అన్నయ్యా, నాలుగు రెక్కలు పోయాయి" అన్నాడు. ఎందుకు పోయాయి అనడిగా. "ఒక మోటారుకి ప్రొపెల్లర్ తిరగేసి బిగించాం. పేజీ రాసాం" అన్నాడు.

మార్చిలో ఆ పేజీ తిప్పి చూసే ఎక్స్‌టర్నల్ ఎవరైనా వస్తారా? మీకు తెలిసినవాళ్ళు ఎవరైనా ఆ పని మీద వెళ్తుంటే, ముందుగా ఒక మాట చెప్పి పంపండి.